గోరంత సాయంత్రం

ఉత్తరపు కిటికీ పక్కన, బల్ల మీద
వెల్లకిలా పడుకుని ఉంది ఒక చలికాలం.
మా స్టైరియా కొండల్లో ఎవరో వేశాడు.
సంతకం ఉన్నచోట కాన్వాసు పగిలి
చివరి రెండక్షరాలే మిగిలాయి.

ఊళ్ళో అందరూ దీన్ని 'సాయంకాలపు ఆట' అంటారు.
తేనె పూసిన మంచు, బంగారు ఆకాశం,
గడ్డకట్టిన సరస్సు మీద
ఇళ్ళకు పోయేముందు ఆఖరి వంతు ఆడుతున్న జనం.
మా అమ్మమ్మ దీని ముందు నిలబడి
"పాపం, చీకటి పడిపోతోంది వాళ్ళకి" అనేది,
పొయ్యి మీద ఏదో మరిచి వచ్చినదానిలా.

నా పని దూదితో.
పుల్లకు చుట్టడం, తడపడం, దొర్లించడం, పారేయడం.
పాత వార్నిషు, కొవ్వొత్తుల పొగ,
ఎవరెవరో కాల్చిన చుట్టల మసి
దూదికి టీ రంగై అంటుకుంటాయి.
రోజుకు అరచేయంత. అంతకుమించి తొందరపడితే
మురికితో పాటు మనిషీ వచ్చేస్తాడు.

మొదటి వారం కుక్క బయటపడింది,
నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు జారి
పరువు పోయిన మొహంతో.
తర్వాత చెప్పులు కుట్టేవాడు:
నడుముకు తోలుగుడ్డ అలాగే ఉంది,
ఒక కన్ను మూసి, నాలుక కొస బయటపెట్టి
పిడి ఉన్న కర్రబిళ్ళను మంచు మీద వదలబోతున్నాడు.
అవతల గురికట్టె దగ్గర ఇద్దరు వంగి
జానలతో దూరం కొలుస్తున్నారు.
నీ జానా నా జానా ఒకటేనా అని మూడోవాడి గొడవ.
పాలు పితికే పీట తిరగేసి అందులో కూర్చున్న పిల్ల
తోసేవాడు ఏమైపోయాడోనని వెనక్కి చూస్తోంది.
పాదిరి నవ్వు ఆపుకుంటూ పెదవులు బిగించాడు.
ఒక్క కుంచె మొన, అంతే.
ఆ బిగింపు వేసిన చేతికి దండం పెట్టాలి.

నడిమధ్యలో జారి కూలబడిన ఆమె.
ఎర్ర మేజోడు మోకాలిదాకా కనిపిస్తున్నా
లేవాలన్న తొందరే లేదు.

మూడో వారం ఆకాశం మొదలుపెట్టాను.
దూది కింద నీలం.
కడిగి బోర్లించిన పళ్ళెం లాంటి చల్లటి నీలం.
భయమేసింది, రంగు పాడుచేశానా అని.
వాకిట్లో మంచు ఎత్తుతున్న ఎగిడ్‌ని పిలిచాను.
పార నుంచి నీళ్ళు కారుతుండగా చాలాసేపు చూసి
"ఈ కొండ వెనక సూర్యుడు దిగడమ్మా, ఎక్కుతాడు" అన్నాడు.
"డెబ్బై ఏళ్ళుగా చూస్తున్నానుగా."

అయితే ఇది పొద్దున.
ఇళ్ళకు పోబోవడం లేదు వీళ్ళెవరూ.
ఇప్పుడే వచ్చారు, తోలులో సూది గుచ్చి వదిలేసి,
పీట కింద పాలు ఆరకముందే.

ఎడమ మూల రాయి అనుకున్నది రాయి కాదు, బట్టల బుట్ట.
పక్కన మంచులో కొట్టిన గుంట, పైన ఆవిరి,
సగం పిండిన దుప్పటి కట్టెలా బిగిసిపోతూ.
ఉతికే మనిషి లేదు.
అడుగులు మాత్రం సరస్సు నడుమకు పోతున్నాయి,
పోనుపోను ఎడం పెరుగుతూ.

మళ్ళీ ఆ ఎర్ర మేజోడు ఆమె దగ్గరికి వెళ్ళాను.
చేతులకు తొడుగుల్లేవు. మోచేతులదాకా బీట్‌రూట్ రంగు.
మందునీళ్ళకు కణుపుల దగ్గర పగిలిన నా చేతులు
కాసేపు దూది ముట్టలేదు.

ఆయన చెప్పలేదు ఎవరికీ. బుట్టను నీడలోకి నెట్టి
ఆమెను కాపాడాడు.
ఇన్నాళ్ళకు బయటపెట్టింది నేను.

మా పనిలో ఒక నియమం ఉంది:
ముందెలా ఉండేదో తెలియడానికి
కొంచెం తుడవకుండా వదలాలి.
కుడివైపు పైమూల, గోరంత వదిలాను.
అక్కడ ఇంకా సాయంత్రమే, మా అమ్మమ్మ కోసం.
చట్రం బిగిస్తే అదీ కనపడదు.

ఎగిడ్ పార భుజాన వేసుకుని
గుమ్మం దగ్గర ఆగాడు.
"ఇంతకీ ఆ దుప్పటి ఎవరింటిదో?"